మొగిలి పెట్టిన కంపెనీ

మొగిలికి పుట్టుకతోనే చూపు లేదు. వరంగల్ దగ్గరి పల్లె నుంచి హైదరాబాద్ వచ్చి యూనివర్సిటీలో ఎం.ఎ. చరిత్రలో చేరాడు. పుస్తకాలు ఎవరో ఒకరు చదివి వినిపించాలి. పరీక్షలు దగ్గరపడితే ఎవరికీ తీరిక ఉండేది కాదు.

అతనికి ఎక్కువగా చదివిపెట్టేది సంయుక్త. కాకినాడమ్మాయి, ఎం.సి.ఎ. విద్యార్థిని. 1998లో ఒకరోజు అతన్ని కంప్యూటర్ ల్యాబ్‌కి తీసుకెళ్లింది.

"మొగిలి గారూ, తెలుగు అక్షరాలన్నీ నా గొంతుతో ఇందులో రికార్డు చేస్తానండి. కంప్యూటర్లో టైపు చేసిన పేజీ ఏదైనా ఇదే చదివేస్తుంది."

"అంటే ఇది నీ లెక్క అలసిపోదన్నమాట," అన్నాడు మొగిలి నవ్వుతూ.

గుణింతాలు, ఒత్తులు ఆమె పలికింది. ఎక్కడ మాట విరుగుతోందో అతను విని చెప్పాడు. నెలల తర్వాత కంప్యూటర్ మొదటి పేజీ చదివింది. మొగిలి దాన్నే మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ, ఇంకోసారి. అర్థం కానిచోట ఇంకోసారి చదవమని మనుషుల్ని అడగడానికి అతనికి ఎప్పుడూ మొహమాటమే.

కొత్తగా తెరిచిన హైటెక్ సిటీలో రవికిరణ్ అనే మేనేజర్‌కి ఇద్దరూ అది చూపించారు. ఆయన శ్రద్ధగానే విన్నాడు. "బాగుందండి. కానీ తెలుగులో కొనేవాళ్లెవరు?" అన్నాడు. సంయుక్తకు మాత్రం ఉద్యోగం ఇస్తానన్నాడు.

తిరుగు బస్సులో మొగిలి అన్నాడు: "నౌకరీల చేరు చెల్లె. ఇది నేను జూసుకుంట."

"మీకు ప్రోగ్రాం రాయడం రాదు కదండీ."

"రాదు. నేర్పియ్యి."

చదువు కాగానే ఆమె ఉద్యోగంలో చేరింది. ఆదివారాలు ల్యాబ్‌కి వచ్చి, తెర మీది ప్రోగ్రాం చదివి వినిపిస్తూ నేర్పేది. కంప్యూటర్ విభాగాధిపతి బుల్లిబాబుకి దాన్ని అమ్మాలని చూస్తున్న సంగతి తెలిసి మొగిలిని పిలిపించారు.

"ల్యాబు చదువుకోడానికయ్యా, వ్యాపారానికి కాదు."

"చదువుకుందామనే గద సార్ ఇది జేసింది. నా అసొంటోళ్లు ఇంకా మస్తుమంది ఉన్నరు. వాళ్ల దాంక వోవాల్నంటే కంపెనీ వెట్టాల్నే గద."

బుల్లిబాబు నియమాల పుస్తకం తిరగేశారు. విద్యార్థి కంపెనీ పెట్టకూడదన్న నియమం లేదు, పెట్టవచ్చన్న నియమమూ లేదు. చివరికి పాత సామాను గది ఖాళీ చేయించి, ఒక కంప్యూటర్ ఇప్పించారు.

ఆ కంప్యూటర్నే ఆటోలో పెట్టుకుని మొగిలి అంధ బాలికల హాస్టల్‌కి వెళ్లాడు. అక్కడ డిగ్రీ చదివే నవనీత అంతా విని అడిగింది: "అన్నా, ఇది సదువుతది. మరి దీంట్ల మనం రాసుకోవచ్చా?"

మొగిలి చదవడం గురించే తపించాడు గాని, రాయడం అనే ఆలోచనే అతనికి రాలేదు. పరీక్షల్లో తన బదులు రాసిపెట్టేవాడు తాను చెప్పినదే రాస్తున్నాడో లేదో అతనికీ ఏనాడూ తెలియదు.

ఏ మీట నొక్కితే ఆ అక్షరం పలికేలా మార్చడానికి దాదాపు ఏడాది పట్టింది. ఈసారి ప్రోగ్రాం సగం మొగిలే రాశాడు. పూర్తయ్యాక నవనీతను సామాను గదికి పిలిచారు. ఆమె ఒక వాక్యం కొట్టి, విని, చెరిపేసి, ఇంకోలా కొట్టింది.

"ఏంది, తప్పు వోయిందా?" అన్నాడు మొగిలి.

"తప్పేం లేదన్నా. గట్ల కంటె గిట్ల బాగుందనిపిచ్చింది."

తర్వాత ఆ ప్రోగ్రాంను ఒకటి రెండు కాలేజీలు కొన్నాయి. ఎం.ఎ. అయ్యాక మొగిలి వేరే కొలువు వెతుక్కోలేదు. కంపెనీలో మొదటి ఉద్యోగం నవనీతకే ఇచ్చాడు.