తరుగులో పోయిన నీళ్లు

పొద్దున ఆరో తరగతికీ, మధ్యాహ్నం తొమ్మిదికీ, సాయంత్రం ట్యూషన్లో ఇంటర్‌కీ ఒకే ఆవిరి పాఠం చెప్పి, గొంతు పోయి వస్తుంటే వట్లూరు సెంటర్లో చింతపండు వాసన తగిలింది.

తాడేపల్లిగూడెంలో మాది చింతపండు కొట్టు. నా ఐదో తరగతిలో మాస్టారు పళ్లెంలో పోసి ఎండలో పెట్టిన నీళ్లు సాయంత్రానికి లేవు. ఎక్కడికి పోయాయో చెప్పినవాళ్లను ఏలూరు సైన్స్ ఫెయిర్‌కు తీసుకెళ్తానన్నారు.

"తరుగులో పోయాయండీ!" అన్నాను. సరుకు ఆరి బరువు తగ్గితే నాన్న అనే మాట అదే. క్లాసంతా నవ్వింది.

"సగం రైటేనాండీ?" అని బేరం పెట్టాను.

"తరిగింది పళ్లెంలో, అమ్మాయ్. మరి పెరిగిందెక్కడ?" అన్నారు మాస్టారు.

పెరిగిందెక్కడని మా కొట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఫెయిర్‌కు ఇంకెవరో వెళ్లారు.

ఇన్నేళ్లుగా బోర్డు నిండా రాస్తున్నాను గానీ, అంత చిన్న ప్రశ్న ఒక్కటి పిల్లల్ని అడగలేకపోయాను.