ఖాళీ గడికి కాపలా

రికార్డు రూములో కూర్చునే ఆవిడని ఆసుపత్రి అంతా పిన్ని అనే పిలుస్తుంది. పెద్ద డాక్టరు ఆవిడకంటే పదేళ్లు పెద్ద, ఆయనకీ పిన్నే. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే గది, అవే ఇనప బీరువాలు. చేరే రోగుల ఫారాలు రాసేదీ, ఫైళ్లలో దాచేదీ ఆవిడే. భర్త దర్జీ. "మా ఆయన నోరు తెరిస్తే అంగుళాలే వస్తాయి. మాటల కోసం ఇక్కడికొస్తా" అంటుంది.

కంప్యూటర్ల పనికి నేను చేరేనాటికి నా దగ్గర పట్టా లేదు, చూసి నేర్చుకున్న విద్య మాత్రం బోలెడుంది. మొదటి వారమే సరదాకి పిన్ని కంప్యూటర్ తెర మీద అక్షరాలన్నీ తలకిందులు చేసిపెట్టాను. ఆవిడ కేకలు వేయలేదు. మానిటర్నే తిప్పి రెండు ఫైళ్ల కట్టల మధ్య తలకిందులుగా ఇరికించి, మధ్యాహ్నం దాకా హాయిగా పని చేసుకుంది. తర్వాత నా భోజనం డబ్బా మీద రికార్డు ముద్ర కొట్టి బీరువాలో పెట్టి తాళం వేసింది. "ఫారం నింపి తీసుకో" అంది. నింపాను, ఆకలి అలాంటిది.

ఆసుపత్రిలో రెండు ప్రోగ్రాములు ఉండేవి. మందుల కౌంటర్లో ఒకటి, వార్డుల్లో ఒకటి. రెండూ రూళ్ల మీద నడిచేవే: ఇది ఉంటే అది ఇవ్వకూడదు, అది లేకపోతే ఇది ఇవ్వొచ్చు. ఏళ్ల తరబడి దేని పని అది తప్పు లేకుండా చేసుకుంటున్నాయి. రెండిటినీ కలపమన్నారు. మూడు వారాల్లో కలిపేసి కాలర్ ఎగరేశాను.

ఆ మర్నాడు పొద్దున, రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలిన లారీ డ్రైవర్ని స్పృహ లేకుండా తెచ్చారు. వెంట ఎవరూ లేరు. పిన్ని ఫారం రాసి, 'పడని మందులు' అన్న గడిని ఖాళీగా వదిలింది. పదకొండింటికి వార్డు కంప్యూటర్ అచ్చేసిన కాగితం ఫైల్లో పెట్టడానికి ఆవిడ చేతికొచ్చింది. అదే గడిలో 'లేవు' అని ఉంది. కింద, ఇంజెక్షన్ ఇవ్వొచ్చని పచ్చ టిక్కు.

"ఒరే, ఇది ఎవరు చెప్పార్రా?"

"కంప్యూటర్ చెప్పింది పిన్నీ."

"దానికెవరు చెప్పారు?"

"అదే తేల్చుకుంటుంది. రూళ్లుంటాయిలే."

"ఆ మనిషి ఇంకా కళ్లే తెరవలేదు. నీ రూలుకి కల్లోకొచ్చి చెప్పాడా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఫోన్ చేస్తే వార్డు లైను దొరకలేదు. నాలుగు మెట్లెక్కితే మోకాళ్లు పట్టుకుని కూలబడే మనిషి రెండంతస్తులు ఎక్కేసింది. వెనక నేను. నర్సు అప్పటికే సిరంజితో మంచం దగ్గరుంది.

"అమ్మాయ్, ఆగు!"

"జరగండి పిన్నీ, టైమైంది."

"ఈయనకేం పడదో ఎవరికీ తెలీదు. ఆ ఫారం రాసింది నేనే."

"తెర మీద లేవనే ఉందిగా?"

"తెరకి తెలీదు. డాక్టర్ని పిలు. ఈలోగా పొడవాలనిపిస్తే నన్ను పొడువు."

డాక్టరు వచ్చి మందు మార్చాడు. మధ్యాహ్నానికి డ్రైవర్ అక్క చేరుకుంది. ఏ మందు పడదని పిన్ని అడగ్గానే, పొద్దున ఇవ్వబోయిన ఆ ఇంజెక్షన్ పేరే చెప్పింది. "చిన్నప్పుడు అది ఇస్తే గొంతు వాచి ఊపిరాడలేదండీ. చావు తప్పి బయటపడ్డాడు."

నేను కిందికెళ్లి రూళ్లన్నీ మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాను.

సాయంత్రం దాకా వెతికినా ఒక్క రూలూ తప్పు లేదు. కౌంటర్లో ఫార్మసిస్టు ప్రతి మనిషినీ అడిగాకే వివరాలు ఎక్కిస్తాడు, కాబట్టి అక్కడ ఖాళీ అంటే పడని మందులు లేనట్టే. వార్డులో ఖాళీ అంటే ఇంకా ఎవరూ అడగనట్టు. ఎవరింట్లో వాళ్లు నిజాయితీపరులే. వార్డు ఖాళీని కౌంటర్ ప్రోగ్రాముకి అందించింది నేను. అది 'లేవు' అని తేల్చి వెనక్కి పంపితే, ఎవరో మనిషి చెప్పిన మాటేననుకుని వార్డు నమ్మేసింది.

"ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఇలాంటిదే నేనూ చేశాన్రా" అంది పిన్ని. "ఫారాలు నిండుగా కనపడాలని నలభై ఖాళీల్లో 'లేవు' అని రాసేశా. పట్టుబడ్డా. ఎవరికీ ఏం కాలేదు, అది నా తెలివి కాదు. నలభై ఇళ్లకీ తిరిగి అడిగొచ్చా, చెప్పులరిగాయి."

తప్పు నాదేనని పెద్ద డాక్టరుకి చెప్పడానికి లేచాను. పిన్ని కూడా లేచింది.

"నువ్వెందుకు పిన్నీ?"

"నువ్వక్కడ జోకులేస్తావని."

ఆయన అంతా విని నా ఉద్యోగం కాగితాలు బయటికి తీశాడు. పిన్ని అడ్డొచ్చింది: "కలపడం వీడికి తెలుసండీ. అడగడమే తెలీదు. పది రోజులు నా బల్ల దగ్గర కూర్చోబెట్టండి."

అలా నా ఉద్యోగం మిగిలింది. బల్ల దగ్గర మొదటి ముసలాయనని అడిగాను, తాతా, నీకు ఏ మందైనా పడదా అని. "మందులన్నీ పడతాయి, కోడలి కాఫీయే పడదు" అన్నాడు. "రాసుకో" అంది పిన్ని, తలెత్తకుండా.

ఆ పది రోజుల్లోనే ప్రోగ్రాం సరిచేశాను. ఇప్పుడు 'ఉన్నాయి', 'లేవు'లతో పాటు 'తెలియదు' కూడా ఒక జవాబే, పసుపు రంగులో. 'లేవు' అని ఉన్నచోటల్లా, ఆ మాట ఎవరు చెప్పారో పక్కన పేరుండాలి. పేరు లేని మాటని ఒక ప్రోగ్రాం ఇంకోదానికి చేరవేయదు.

బల్ల దగ్గర నా ఆఖరి రోజున డ్రైవర్ కర్ర ఊతంతో డిశ్చార్జ్ కాగితాల కోసం వచ్చాడు. అతనికి ఇదేదీ తెలియదు.

"సంతకం ఎక్కడ తమ్ముడూ?"

చూపించాను. అతను నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పెడుతుంటే చూస్తూ నిలబడ్డాను. పిన్ని పక్క బల్ల దగ్గర ఫైలు కట్టకి దారం ముడేస్తోంది. ఆవిడ వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

"ఏంటలా చూస్తున్నావ్? బాలేదా?" అన్నాడు డ్రైవర్.

"చాలా బాగుందన్నా" అన్నాను.