బావ చెవిలో చెప్పిన సినిమాలు

మా పక్క క్వార్టరు బావ మొన్న మంగళవారం పోయాడు. ఆయన్ని సినిమా హాల్లోంచి లేపేసిన సంగతి మాత్రం నా కడుపులోంచి పోలేదు. ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, సుపేలా హాల్లో ఆదివారం పొద్దుట తెలుగు సినిమా ఆట వేయించే మన సంఘం పెద్దలారా, మీకే రాస్తన్నాను. అందరూ చదివేటట్టు బోర్డుకి అంటించండి. నా రాత వంకరే, మాట తిన్నన.

మాకు చుట్టరికం లేదు. ఆయనది బొబ్బిలి పక్క, నాది పలాస పక్క. ఇద్దరం ఇక్కడి ఉక్కు మిల్లులో చేశాం. ఆ మోతకి, రిటైరయ్యేసరికి ఆయన చెవులు పోయాయి. అందుకని హాల్లో పక్కన కూకొని తెరమీద మాటలన్నీ ఆయన చెవిలో అరిచి చెప్పీవోణ్ణి. ఆయనకి చెప్పాలని విన్నాను గనకే ఆ సినిమాలు నాకింకా గుర్తున్నాయి.

నాకు హీరో అంటే గొంతు. డైలాగు కొడితే కుర్చీలు అదరాలి. అలాటోడు ఒక మాటంటే నేను ఇంకోటి కలిపి చెప్పీవోణ్ణి. బావ ఊరుకుంటాడా?

"ఒరే బామ్మర్దీ, ఆడి నోరు అంతసేపు ఆడలేదు. ఎక్కువ చెప్తన్నావు."

"నటన సంగతి నీకేటి తెలుసు బావా? వినబడదు కదా!"

"వినబడదు గనకే తెలుస్తాది. ఆడి నోరు అరుస్తంది గానీ కళ్ళు భోజనానికెళ్ళిపోనాయి."

ఇంటికొచ్చేదాకా సైకిళ్ళ మీద పోట్లాటే.

ఒక సినిమాలో కొడుకు పోయాడన్న కబురు విన్నాక కూడా తల్లి చేటలో బియ్యం ఏరుతూనే ఉంటుంది. నేను చెప్పబోతే బావ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "చెప్పకు. ఆవిడ వేళ్ళు చూడు" అన్నాడు. ఇప్పటికీ నాకు అరిచే హీరోయే ఇష్టం, ఆ మాట ఎవడికీ ఒదులుకోను. కానీ ఆ వేళ్ళు మర్చిపోలేకపోతన్నాను.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం, మా గోలకి వెనక వరసలవాళ్ళు విసుక్కున్నారు. మీ సంఘం సెక్రటరీ గారొచ్చి మా మొహాల మీద టార్చి వేసి, "చుప్ రహో భయ్యా! లేదంటే బయటికి నడవండి" అన్నారు.

"ఏటంటన్నాడ్రా?" అని బావ నన్నడిగాడు.

ఆ ఒక్క డైలాగూ నేను చెప్పలేదు. "రీలు తెగిపోనాదట బావా, పద" అన్నాను.

తెరమీద బొమ్మ ఆడుతూనే ఉంది. ఆయన దానికేసి చూశాడు, టార్చికేసి చూశాడు. లేచి నడిచాడు. మరి హాలు గడప తొక్కలేదు. ఇంట్లో కేబుల్ టీవీ పెడితే, "దాదాజీ, ఆవాజ్ కమ్ కరో" అని మనవలు గోల. ఆఖరికి ఆ సౌండే మొత్తం తీసేసి చూసీవాడు.

ఈ ఆదివారం ఆటకి ముందు ఆయన పేరున మౌనం పాటిస్తారట. మౌనం ఆయనకి బోలెడుండేది, మీరివ్వక్కర్లేదు. మా రెండు కుర్చీలూ మాకు వదలండి. ఖాళీ కుర్చీ వైపు తిరిగి, ఆటయ్యేదాకా నేను మాటలు చెప్తాను. గట్టిగానే చెప్తాను.

ఒప్పుకుంటారో లేదో శనివారం సాయంత్రం లోపల మా ఇంటికొచ్చి చెప్పండి. నోటితో ఏటన్నా అనండి. నేను మీ కళ్ళే చూస్తాను.