మూడో దీవిలో బావ తాగిన గ్లాసు

తొమ్మిదేళ్లుగా ఒక మాటను నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేదు, ఉమ్మలేదు. చింతామణిలో నా ఎరువుల అంగడి ముందు కూర్చుని పదిమందితో నవ్వుతూ మాట్లాడేటప్పుడు కూడా అది నాలుక కిందే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేళ్లు పట్టేదే కాదు.

మా అక్క మొగుణ్ణి నేను చంపాను.

ఇది రాశాక పెన్ను పక్కన పడేసి, లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను. చంపాను అనడం సరైన మాటేనా? కత్తి పట్టుకోలేదు, విషం పెట్టలేదు. కోపం కూడా లేదు. లేదని గట్టిగా అనగలనా? అనలేను. మొదటినుంచీ చెబుతాను, వినండి.

బావది మండికల్. రెండెకరాల్లో పుదీనా, కొత్తిమీర పెట్టేవాడు. ఒకప్పుడు బాగా తాగేవాడు, అదీ నాతోనే. సంత రోజు కట్టలు అమ్మేశాక నేరుగా నా అంగడికి వచ్చేవాడు, ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. అక్క ఏడ్చింది, తిట్టింది, నెలరోజులు పుట్టింట్లో కూర్చుంది. ఆయన మానలేదు. ఆ తర్వాత ఎవరూ అడగని ఒక రోజు, తనకు తానే మానేశాడు. కూతురు లిఖితకు అప్పుడు ఎనిమిదేళ్లు. దాన్ని దేవుడి పటం ముందు నిలబెట్టి, నెత్తిన చెయ్యి పెట్టి, ఇక ముట్టనని ఒట్టు వేశాడు. బిడ్డ నెత్తిన వేసిన ఒట్టు తప్పితే, ఆ కీడు ఒట్టు వేసినవాడికి కాదు, బిడ్డకు తగులుతుందని మావాళ్ల నమ్మకం. అందుకే ఎంత తాగుబోతైనా ఆ ఒట్టు జోలికి పోడు. బావ ఆ ఒట్టు వేశాడు, దానిమీద నిలబడ్డాడు కూడా. ఏడాది దాటినా చుక్క ముట్టలేదు.

అక్క మాత్రం నమ్మలేదు. పన్నెండేళ్లు మోసపోయిన మనిషి ఎలా నమ్ముతుంది? ఎవరో చెప్పగా తాగుడు మాన్పించే పొడి ఒకటి తెచ్చి, రోజూ పొద్దున కాఫీలో ఆయనకు తెలియకుండా చిటికెడు కలిపేది. ఆ పొడి ఒంట్లో ఉండగా మందు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, ఒళ్లంతా మండిపోయి, ఆ భయంతో మళ్లీ ముట్టడట. అమ్మినవాడు ఆమెకు చెప్పింది అంతవరకే. ఈ సంగతి అక్కకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

ఆ ఏడు ఒక విత్తనాల కంపెనీ మా వైపు డీలర్లను అండమాన్ దీవులకు తీసుకుపోయింది. ఒక్కొక్కరు ఇంకొకరిని వెంట తెచ్చుకోవచ్చన్నారు. మా ఆవిడకు విమానమంటే భయం. బావను రమ్మన్నాను. ఆయన సముద్రం ఎన్నడూ చూడలేదు. బయల్దేరే పొద్దున అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, కాగితంలో మడిచిన పొడి నా చొక్కా జేబులో పెట్టింది.

"ఆయప్పకు తెలియనీయద్దు రా. నాలుగు దినాలే గదా, పొద్దున కాఫీలో నువ్వే కలిపెయ్."

కలిపాను. మూడు పొద్దులు, ఒక్కటీ తప్పకుండా.

మొదటి దీవిలో హోటలు వాళ్లు మా అందరికీ మోహితో అని ఒకటి ఇచ్చారు. పొడుగాటి గ్లాసులో తెల్ల రమ్ము, నిమ్మరసం, చక్కెర, సోడా, పగలగొట్టిన ఐసు, గుప్పెడు పుదీనా. బావ ఆ ఆకును చూసి పగలబడి నవ్వాడు. మనం కట్టలు కట్టి చట్నీకి పంపే ఆకుకు ఇక్కడ ఇంత రాజభోగమా అన్నాడు. తనకు రమ్ము లేకుండా చేయించుకున్నాడు. ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, ఆకు కోసి రెండు రోజులైందనీ, కాడతో సహా దంచేశారనీ, అందుకే గొంతులో చేదు నిలిచిందనీ చెప్పాడు. కౌంటరులో ఉన్న మనిషిని అడిగితే అంతా నిజమే. బాగేపల్లి నుంచి వచ్చిన డీలరు ఒకాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

అప్పటినుంచి అదే ఆట. పడవ దిగడం, ఆ దీవిలో మోహితో ఎలా ఉందో చూడడం, పోయిన దీవి దానితో పోల్చడం. రమ్ము గురించి మేం మాట్లాడేవాళ్లం, ఆకు గురించి బావ. నిజం చెప్పాలంటే మా మాట ఎవరికీ పట్టేది కాదు. రెండో దీవిలో హోటలు వెనకే పుదీనా మడి ఉంది. బావ స్వయంగా వెళ్లి చిగుళ్లు గిల్లుకొచ్చి, దంచకుండా అరచేతిలో ఒక్కసారి చరిచి గ్లాసులో వేయించాడు. వాసన గుప్పుమంది. రమ్ము ఉన్న గ్లాసులో కూడా ఆకే గెలిచింది. మావాళ్లంతా ఆయన చుట్టూ చేరారు. డీలరును నేను. తీసుకొచ్చింది నేను. నా కుర్చీ చివరికి జరిగిపోయింది.

కుళ్లు అంటారా? అవును, కుళ్లే. కానీ అదొక్కటే కాదు. తాగేవాడి ఎదురుగా, ఒకప్పుడు తనతో సమానంగా తాగినవాడు ఇప్పుడు తేటగా కూర్చుని చూస్తుంటే ఎలా ఉంటుందో మీకు తెలుసా? బావ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు గుచ్చుకునేది. ఈ మనిషిని ఒక్కసారి, ఒక్క గ్లాసుకు, మళ్లీ నా పక్కకు లాక్కోవాలనిపించింది. ఇన్నేళ్లు తవ్వుకుంటే దొరికిన కారణం ఇదీ. ఇంతకంటే పెద్దదేదైనా దొరికి ఉంటే నాకే కాస్త గౌరవంగా ఉండేది.

మూడో దీవి చిన్నది. మధ్యాహ్నం చేరాం, నాలుగు గంటలకు తిరుగు పడవ. ఆకాశం మబ్బుగా, గాలి లేకుండా, ఒళ్లు జిడ్డుగా ఉంది. మావాళ్లు నీళ్లలోకి దిగారు. ఇసుకలో తాటాకు పందిరి వేసిన చిన్న హోటల్లో బావా నేనూ మిగిలాం. నేను లేచి కౌంటరుకు వెళ్లాను. రెండు మోహితోలు చెప్పాను. ఒకటి రమ్ము లేకుండానా అని ఆ మనిషే అడిగాడు. పడవ దిగేటప్పుడు తాను రమ్ము ముట్టనని బావ చెప్పుకుంటూ వచ్చింది విన్నాడేమో. నేను వెనక్కి తిరిగి చూశాను. బావ సముద్రం వైపు చూస్తున్నాడు. వద్దు, రెండింట్లోనూ పొయ్యి అన్నాను.

నా ఉద్దేశం ఏమిటంటే, బావ ఎప్పటిలాగే ఆకును మెచ్చుకుంటాడు, మావాళ్లు తిరిగొచ్చాక నేను అసలు సంగతి చెబుతాను, అందరూ నవ్వుతారు. ఒట్టు? తెలియక తాగితే ఒట్టు తప్పినట్టు కాదని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను.

బావ ఒక గుక్క తాగి ఆగాడు. గ్లాసు వైపు చూశాడు, తర్వాత నా వైపు.

"ఏమప్పా, దీంట్లో ఏమన్నా కలిపినారా?"

"లేదు బావా. ఈడ పుదీనా ఘాటు ఎక్కువ."

"ఆకు ఘాటు నాకు తెల్దా. వాసన వేరేగా కొడతాండాది."

"నా గ్లాసు పక్కనే ఉండాది గదా, దాంది."

ఆయన నా గ్లాసు వైపు ఒకసారి చూశాడు.

"సరే, నువ్వు చెప్తే అంతే లే," అని గ్లాసు ఎత్తాడు.

అడుగు దాకా తాగాడు. ఆకు వేసిన గ్లాసును సగంలో వదలడం ఆయన పద్ధతి కాదు.

పావుగంట పట్టింది. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ, తర్వాత ముఖమంతా. ఒళ్లు మండతాండాది అన్నాడు. చొక్కా గుండీలు విప్పుకున్నాడు. పందిరి గుంజ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. నేను నవ్వబోయాను. ఆయన రెండు చేతులూ గుండెమీద పెట్టుకుని ఇసుకలో కూర్చుండిపోయాక నవ్వు ఆగింది. కేకలు వేశాను. మావాళ్లు తడిబట్టలతో పరిగెత్తుకొచ్చారు.

ఆ దీవిలో ఉన్నది చిన్న ఆస్పత్రి. డాక్టరమ్మ వయసులో చిన్నదైనా చురుకైన మనిషి. చెయ్యాల్సిందంతా చకచకా చేస్తూనే నన్ను అడిగింది. ఏం తిన్నాడు, ఏం తాగాడు, ఏవైనా మందులు వాడుతున్నాడా, సరిగ్గా చెప్పండి అంది. రెండోసారీ అడిగింది. పొడి కాగితం నా జేబులోనే ఉంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా అది ఛాతీకి తగులుతోంది. ఒక్క మాట చెబితే చాలు. చుట్టూ మావాళ్లున్నారు. బాగేపల్లి డీలరు నా భుజం పట్టుకుని ఉన్నాడు.

మందులేం లేవు, మాకు తెలియకుండా తాగినట్టుంది అన్నాను.

ఆమెకు హిందీలో చెప్పాను. మావాళ్లు అడిగితే మళ్లీ తెలుగులో చెప్పాను. బావ మంచం మీద కళ్లు తెరిచే ఉన్నాడు. విన్నాడు. పెదవులు కదిపాడు. మాట రాలేదు. నన్నే చూశాడు. ఆ చూపులో కోపం ఉందా, అడగడం ఉందా? ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను. ఒక్కోరోజు ఒక్కోలా కనబడుతుంది.

పెద్దాస్పత్రికి తీసుకెళ్లమని నాలుగింటి పడవలో ఎక్కించారు. డాక్టరమ్మ తన నర్సును కూడా పంపింది. రెండో దీవి కనబడేలోపే బావ పోయాడు. ఆ తర్వాత నేను పడవ వెనక్కి వెళ్లి, జేబులో కాగితం తీసి నీళ్లలో వేశాను. ఎవరూ చూడలేదు.

ఇంటికి తెచ్చాం. అక్క నన్ను రెండే అడిగింది. తాగినాడా అంది. తాగినాడక్కా అన్నాను. పొడి కలిపినావా అంది. లేదక్కా, అక్కడికి పోయినాక మర్చిపోయినా అన్నాను. తన చేతి పొడి వల్ల మొగుడు పోయాడని ఆమె కుమిలిపోకూడదని ఆ అబద్ధం ఆడాననుకున్నాను. చాలాకాలం ఆ ఒక్కదాన్ని నేను చేసిన మంచిపనిగా లెక్కేసుకున్నాను.

అక్క ఆ రోజు ఏడవలేదు. బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి కూడా తాగినాడే అంది. అంతే. అప్పటినుంచి ఇంట్లో బావ పేరు ఎత్తితే లేచి వెళ్లిపోతుంది. లిఖితకు జ్వరమొస్తే ఒట్టు. పరీక్షలో మార్కులు తగ్గితే ఒట్టు. తిరగని గుడి లేదు, కట్టని తాయెత్తు లేదు. దాన్ని బావి దగ్గరికి పోనివ్వదు, పండక్కి ఎక్కడికీ పంపదు. ఎప్పుడో ఒకనాడు తగులుతుందని తొమ్మిదేళ్లుగా కాచుకుని కూర్చుంది.

ఇప్పుడు లిఖితకు పద్దెనిమిది. చిక్కబళ్ళాపురంలో నర్సింగ్ సీటు వచ్చింది. పోయిన నెల స్నేహితురాలి స్కూటరు వెనక కూర్చుని వస్తూ పరగోడు దగ్గర పడి కాలు విరగ్గొట్టుకుంది. చూడ్డానికి వెళ్లాను. తగులుకునింది రా, ఇంక ఇది గడప దాటేదానికి లేదు అంది అక్క. సీటు వదిలేస్తామని కాలేజీకి ఫోను కూడా చేసిందట. ఆమె కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లాక లిఖిత మెల్లగా అడిగింది.

"మామా, నాయన ఒట్టు తప్పినాడని నాకు ఇంకా ఏమేమి అయితాది?"

ఏడుస్తూ అడిగి ఉంటే తట్టుకునేవాణ్ణి. మామూలుగా అడిగింది. అక్క తెచ్చిన కాఫీ ముట్టకుండానే లేచి వచ్చేశాను.

చెప్పేస్తే ఆ పిల్ల బతుకుతుంది. చెప్పేస్తే అక్కకు పొడి సంగతీ తెలుస్తుంది. నా రమ్ము, తన పొడి, రెండూ కలిసి ఆ మనిషిని తీసుకుపోయాయని తెలుస్తుంది. అక్కను కాపాడడానికే నోరు మూసుకున్నానని ఇన్నేళ్లు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఎంత చక్కటి సాకు! అక్క వెనక నేను దాక్కున్నాను, అంతే.

ఇంకొకటి మిగిలింది. దాన్ని రాయకుండా ఆపేద్దామని మూడుసార్లు అనుకున్నాను. ఇంతవరకూ చదివి, పాపం వీడు ఆటలో పడి పొద్దున కలిపిన పొడి సంగతి మర్చిపోయి ఉంటాడని మీరు అనుకుంటూ ఉండొచ్చు. నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను. అలా అనుకుంటేనే నిద్ర పట్టేది.

నేను మర్చిపోలేదు. రెండింట్లోనూ పొయ్యి అన్నప్పుడు నాకు గుర్తుంది. వాంతి అవుతుందని తెలుసు. అందరి ముందూ కక్కుకుంటే ఇక ఆకు గురించి ఎవరూ అడగరనుకున్నాను. చస్తాడని తెలియదు. మిగతాదంతా తెలుసు.

రాసేశాను. ఛాతీ మీద నుంచి ఏదో దిగినట్టే ఉంది, సిగ్గులేకుండా తేలిగ్గా ఉంది. మండికల్‌లో ఆ పిల్ల మాత్రం విరిగిన కాలు చాపుకుని, తనకు ఇంకా ఏం జరగబోతుందో అని ఎదురుచూస్తూ ఉంటుంది. దాని తండ్రి ఒట్టు తప్పలేదు.