ఆలస్యంగా తెరిచే గేటు

మా అమ్మాయికి ఎలక్ట్రికల్ చదువు చెప్పిన పాలిటెక్నిక్ సారు నిన్న పోయారని మార్కాపురమంతటికీ తెలిసింది. అయ్యలారా, నేను పలకల ఫ్యాక్టరీ గేటు కాపలావాణ్ణి, చదివింది ఐదో తరగతి. ఆయన గురించి రాయడానికి ఆ చదువు చాలదు, అయినా రాయకుండా ఉండలేను. ఎందుకంటే నిన్ననే మా ఓనరు, ఫ్యాక్టరీలోని మిగతా మోటార్లకు కూడా నా బిడ్డనే వేగం అదుపు చేసే పెట్టెలు బిగించమన్నాడు! ఏడవాలో, ఎగిరి గంతెయ్యాలో తెలియక రెండూ చేశాను.

ఈ ఓనరే నాలుగు నెలల కిందట నవ్వాడు. పలకల్ని రుద్దే డీసీ మోటారు మీట వెయ్యగానే ఎగిరిపడేది, పలచని పలకలు పెళుక్కున విరిగేవి. నా బిడ్డ థైరిస్టర్లతో పెట్టె చేసి వేగాన్ని అదుపులో పెడతానంది. ఆ పెట్టె పని చెయ్యకపోతే ఇక నా బిడ్డను ఏ మోటారు దగ్గరికీ రానివ్వరు.

"ఆడపిల్ల పెట్టె తగలబడితే ఎవురు చూస్తారు సార్?" అన్నాడు ఓనరు.

"నీ బుర్ర తగలబడి ఏండ్లయింది. దాన్నెవురు చూసినారు?" అన్నారు సారు.

మూర్ఖులంటే ఆయనకు అంత అసహ్యం. నాకు మాత్రం ఓపిగ్గా చెప్పారు. "థైరిస్టరుకొక గేటుంటది పెద్దాయనా. ప్రతి కరెంటు అలకూ దాన్ని తెరవాల. తెరిచినాక మనం మూయలేం, అల అయిపోతే అదే మూసుకుంటది. బిన్నా తెరిస్తే మోటారు ఉరుకుతది, ఆలస్యంగా తెరిస్తే నిదానిస్తది."

పెట్టెను పరీక్షించిన నాడు మోటారు గుర్రుమని ఉరికింది. "గేటు ఆలస్యంగా తెరువు!" అని సారు అరిచారు. నేను పరిగెత్తి ఫ్యాక్టరీ గేటు మూసి అడ్డంగా నిలబడ్డాను. బయట రాళ్ల ట్రాక్టరు హారను మోత!

సారు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఆ గేటు తెరిస్తే రాళ్లొస్తాయి, ఈ గేటు తెరిస్తే కరెంటొస్తది. ఏది తెరిచినా నీ ఓనరుకు బుద్ధి మాత్రం రాదు!"

అప్పటికి నా బిడ్డ పెట్టె మీది నాబ్ వెనక్కి తిప్పేసింది. మోటారు దూడలా దారికొచ్చింది. పలక విరగలేదు.

ఈ రోజు శవం మీద అందరికన్నా పెద్ద దండ ఓనరుదే. "మా సారు, నేను చెప్తే పెట్టె చేయించినాడు," అంటూ కళ్లు తుడుచుకున్నాడు. ఛీ! పొడి కళ్లకు తువాలెందుకు?

సాయంత్రం అతని కారు ఫ్యాక్టరీ ముందు హారను కొట్టింది. "గేటు తియ్యబ్బా, బిన్నా!"

లోపల నా బిడ్డ నాబ్ తిప్పుతోంది. మోటారు కుదుపు లేకుండా మెల్లగా వేగం పుంజుకుంటోంది. నేను గొళ్లెం మీద చెయ్యేసి, ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను.