పొదిలిలో తెరుచుకున్న పేజీ

మొన్న ఏకాదశి తెల్లవారుజామున మా బాబాయిగారు స్వామి పాదాలు చేరారు. పిన్ని ఫోన్ చేసి, "నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా" అంది. దీపం వెలిగించి కూర్చున్నాను. సత్తెనపల్లిలో ఆయన దగ్గర పనిచేసిన రోజులే కళ్ళ ముందు తిరిగాయి.

బాబాయిగారిది టైపు ఇన్‌స్టిట్యూట్. రెండు వేల సంవత్సరం వచ్చేసరికి టైపు మిషన్లు అమ్మేసి కంప్యూటర్లు పెట్టారు. పదో తరగతి, టైపు లోయరు పాసైన నాకు అక్కడే పని ఇచ్చారు. నలుగురిలో నోరు విప్పి మాట్లాడటం నాకు ఆ గదిలోనే వచ్చింది. రోజూ గుంటూరు యార్డుకు ఫోన్ చేసి మిర్చి రేట్లు కనుక్కుని, తను తయారుచేసిన వెబ్ పేజీలో నా చేత టైపు చేయించేవారు. కాయలు ఇంటికొచ్చిన బేరగాడికి ఇవ్వాలో, గుంటూరు తోలాలో రైతుకు ముందే తెలియాలని ఆయన తాపత్రయం.

ఏ పనైనా స్వామితోనే మొదలుపెట్టే మనిషి. పేజీ పైన కూడా సింగరాయకొండ నరసింహస్వామి బొమ్మ పెట్టారు. మా దగ్గర ఫోన్ లైను కాస్త మెరుగు కాబట్టి ఆ బొమ్మ నిదానంగానైనా దిగి, దాని కింద రేట్లు వచ్చేవి. ఒకరోజు పొదిలి నుంచి ఇంటర్నెట్ సెంటర్ అతను ఫోన్ చేసి, "మీ పేజీ ఇక్కడ తెరుచుకోవడం లేదండీ" అన్నాడు. మరునాడే బాబాయిగారు నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు.

ఆ సెంటర్లో ఒక పెద్దామె రేటు కోసం కూర్చుని ఉంది. ఆమె కాయలు కల్లంలో, పైన మబ్బు. బేరగాడు గుమ్మం ముందే మోటార్‌సైకిల్ మీద ఉన్నాడు. తెర మీద స్వామి కిరీటం దాకా దిగి ఆగిపోయాడు.

"ఏందమ్మా, దేవుడు ఇంకా దిగలా? నేను ఇంకో ఊరు పోవాల" అన్నాడు బేరగాడు.

"కాసేపు ఉండు నాయనా. కిరీటం వచ్చింది, మొహం వస్తే రేటు ఎంతసేపు?"

మొహం రాలేదు. లైను తెగిపోయింది. మొదటి కోత కాయలు ఆమె బేరగాడు చెప్పిన ధరకే ఇచ్చేసింది.

తిరుగు బస్సులో, "బొమ్మ తీసేద్దాం" అన్నారు బాబాయిగారు.

నాకు మనసొప్పలేదు. "స్వామిని తీసేస్తే తప్పు కాదా బాబాయ్?"

"ఆమెకూ రేటుకూ మధ్య ఆయన్ని తెచ్చి నిలబెట్టింది మనమే కదమ్మాయ్. ఆయనకు మాత్రం బాగుంటుందా?"

ఆ తర్వాత పేజీని సరిచూడటానికి ఆయనకో పద్ధతి వచ్చింది. "నువ్వు కేశవ నామాలు అందుకో" అని నాతో చెప్పి మౌస్ నొక్కేవారు. నామాలు పూర్తయ్యేలోగా రేట్లన్నీ తెర మీదికి రావాలి. రాకపోతే రంగులు, గీతలు, మెరిసే అక్షరాలు ఒక్కొక్కటే తీసేవారు. "ఇది లేకపోతే రైతుకు ఏం తక్కువ?" అన్నది ఆయన మాట. ఒక కమిషన్ వ్యాపారి తన ఫోటో పెట్టమని వస్తే, "మీ మొహం దిగేలోపు కాయలు తెల్లబడిపోతాయండీ" అన్నారు. అతనూ నవ్వేసి వెళ్ళిపోయాడు.

మనం చేసింది మన ఊళ్ళో కాదు, అవతలివాళ్ళ ఊళ్ళో చూసుకోవాలనేవారు. అందుకే రెండో కోత నాటికి మళ్ళీ పొదిలి వెళ్ళాం. ఆ పెద్దామె వచ్చింది. ఆమె వెనకే బేరగాడూ వచ్చాడు. సెంటర్ అతను మౌస్ నొక్కగానే నేను లోలోపల నామాలు అందుకున్నాను. సగంలో వచ్చే దామోదర నామం దాకా రాకముందే తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు నిలబడ్డాయి. అతను రేటు పైకి చదివాడు. బేరగాడు చెప్పినదానికంటే బాగా ఎక్కువ.

"ఇంకోసారి చదువు నాయనా" అందామె. చదివాడు.

ఆమె గుమ్మం వైపు తిరిగి, "పో అబ్బాయ్, నా కాయలు గుంటూరు పోతన్నయ్" అంది. తర్వాత కారం అంటిన వేళ్ళతోనే ఆ తెరను మెల్లగా తాకి కళ్ళకు అద్దుకుంది. కళ్ళు భగ్గుమని బొటబొటా నీళ్ళు కారాయి. ఆమె నవ్వుతూనే తల విదిలించుకుంటోంది. బాబాయిగారు కూజాలో నీళ్ళతో తన కండువా తడిపి, ఆమె చెయ్యి చాపేదాకా దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డారు.