ముందు ఆ పిల్లని

హెలికాప్టర్ శిక్షణ మైదానంలో ఫైరింజన్ నడిపే ఆయన్ని అందరూ కునుకు బాబాయ్ అనేవారు. పంతొమ్మిదేళ్లుగా ఎండలో బండి నిలబెట్టుకుని కూర్చోవడమే ఆయన ఉద్యోగం. తలుపు మీద మోచెయ్యి ఆనించి, కళ్లు సగం మూసి ఆకాశంలోకి చూస్తుంటే నిద్రపోతున్నాడనే అనుకునేవారు.

"కూర్చోబెట్టి మేపుతున్నారు నిన్ను," అనేది భార్య.

"నాకు పని పడకూడదనే కోరుకో," అనేవాడు.

ఎగరడం నేర్పే మాస్టారికి మాత్రం ఆయన సంగతి తెలుసు. ఎగరబోయే ముందు రోజూ బండి దగ్గరికొచ్చి, బాబాయ్ ఫ్లాస్కులోంచి టీ పోయించుకునేవాడు. "మెలకువగా ఉన్నావా బాబాయ్?"

"మీరు దిగేదాకా ఉంటా."

ఆ రోజు పాఠం, గాల్లో ఇంజన్ ఆగిపోతే ఎలా దిగాలన్నది. పైకెళ్లాక ఇంజన్ జోరు తగ్గించేస్తారు. కిందికి జారుతుంటే గాలికే రెక్కలు తిరుగుతాయి. నేల దగ్గరపడగానే ముక్కు పైకెత్తి, వేగం తగ్గించి దించాలి. రెప్పపాటు అటూ ఇటూ అయితే అంతే సంగతులు. నేర్చుకుంటున్న అమ్మాయి రెండుసార్లు బాగానే దింపింది.

మూడోసారి ముక్కెత్తడం ఆలస్యమైంది. ఆ కంగారులో మరీ ఎక్కువ ఎత్తేసరికి తోక నేలకి కొట్టుకుంది. హెలికాప్టర్ గిర్రున తిరిగి పక్కకి ఒరిగిపోయింది. విరిగిన రెక్కల ముక్కలు ఇంకా కింద పడకముందే బాబాయ్ బండి కదిలింది.

తోటి ఉద్యోగి పైపు లాగి నురగ కొడుతుంటే, బాబాయ్ పగిలిన అద్దంలోంచి లోపలికి దూరాడు. ఇంధనం వాసన గుప్పుమంది. ఇద్దరూ చేతికందేంత దూరంలోనే ఉన్నారు. అమ్మాయి స్పృహలో లేదు. మాస్టారి కాలు నలిగిన రేకు కింద ఇరుక్కుంది.

"ముందు ఆ పిల్లని తియ్యి," అన్నాడు మాస్టారు. గొంతు మామూలుగానే ఉంది. "నన్ను తియ్యాలంటే టైం పడుతుంది."

బాబాయ్ ఆమె బెల్టు కోసి, భుజాన వేసుకుని ముప్ఫై అడుగులు నడిచాడు. పడుకోబెట్టి వెనక్కి తిరిగేసరికి, నురగ అందని వైపునుంచి మంట లేచింది. పరిగెత్తి వెళ్లి రెండు చేతులూ లోపలికి పెట్టాడు. చొక్కా చేతికి తగిలింది కానీ మనిషి రాలేదు. చేతులు మోచేతుల దాకా కాలాక, తోటి ఉద్యోగి నడుం పట్టుకుని ఈడ్చేశాడు. మంట ఆరడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అప్పటికే మాస్టారి ప్రాణం పోయింది.

బండి నలభై సెకన్లలో చేరిందని, సిబ్బంది తప్పేమీ లేదని విచారణాధికారులు రాశారు. ఆఖరి క్షణంలో అదుపు తన చేతిలోకి తీసుకోవడంలో మాస్టారు ఆలస్యం చేశాడనీ రాశారు. అది విని బాబాయ్, "పోయినవాడొచ్చి కాదనలేడుగా," అని లేచి వెళ్లిపోయాడు.

చేతులకి కట్లు విప్పాక మాస్టారి ఇంటికెళ్లాడు. ఆయన భార్య ఇస్త్రీ చేస్తోంది. ఆపకుండానే అడిగింది. "ముందు ఆయన్ని తీసుంటే బతికేవారా?"

ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే వచ్చాడు. తీరా ఆమె ఎదురుగా నిలబడేసరికి ఆ మాటలన్నీ పక్కన పెట్టేశాడు.

"తెలీదమ్మా. అప్పుడు ఆ అమ్మాయి పోయేదేమో. ఇద్దరూ పోయేవాళ్లేమో. నిజంగా తెలీదు."

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "బతికేవారు కాదనే అందరూ చెప్తున్నారు. మీరొక్కరే నిజం చెప్పారు." ఇస్త్రీ చేసిన బట్ట మడతపెడుతూ అంది, "ఇంక రాకండి అన్నయ్యా. మిమ్మల్ని చూస్తే ఆ ముప్ఫై అడుగులే లెక్కపెట్టుకుంటాను."

ఆయన మళ్లీ వెళ్లలేదు.

నాలుగు నెలల తర్వాత ఆ పాఠం మళ్లీ మొదలైంది. వేరే పని ఇమ్మని బాబాయ్ అర్జీ పెట్టుకుంటే, అనుభవమున్నవాళ్లు లేరని తిప్పి పంపారు. రిటైరయ్యేదాకా, రెండేళ్లపాటు ఆ బండిలోనే కూర్చున్నాడు. అమ్మాయి ఎగరడం మానేసి ఏదో ఆఫీసులో చేరింది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. చేతులెలా ఉన్నాయని ఆమె అడుగుతుంది, నడుం నొప్పి తగ్గిందా అని ఆయన అడుగుతాడు. మాస్టారి మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.